అట్టల పెట్టెకు బొట్టు

తిరువూరు బస్టాండు ఎదురుగా సైకిలు షాపు నడిపే అంకారావు ఈ సంగతి ఎంతమందికి చెప్పాడో అతనికే తెలియదు. దసరా పండగలో దేవుడి దగ్గర పెట్టిన కుంకుమను బాలశౌరి మాస్టారు తుడిచేశాడట. అద్దెకున్నవాడు, అందులోనూ చర్చికి పోయేవాడు, ఇంటివాళ్ళ పూజలో చెయ్యి పెట్టాడట. ఇంటాయన దశరథరామయ్య వేసిన కేకలకు వీధి వీధంతా గోడల మీదికి తలలు చాపిందట. తెల్లారేసరికి మాస్టారి పెట్టె ఇంట్లోంచి బయటికి వచ్చేసిందట.

"నేను కళ్ళారా చూశానయ్యా. రామయ్యగారే పెట్టె మోసుకొచ్చి బస్సులో పెట్టాడు. మాస్టారు తల వంచుకుని వెనకాల నడుస్తున్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాటంటే ఒక్క మాట లేదు," అనేవాడు అంకారావు, ట్యూబును నీళ్ళ బేసిన్లో ముంచి బుడగల కోసం చూస్తూ.

"మళ్ళీ ఆ ఇంట్లోనే ఉంటున్నాడుగా?" అని ఎవరైనా అడిగితే దానికీ జవాబు ఉండేది. "కాళ్ళు పట్టుకునుంటాడు. ఈ ఊళ్ళో ఆయనకు ఇంకెవరిస్తారు గది?"

అంకారావు అబద్ధాలకోరు కాదు. కేకలు వినపడిన మాట నిజం. పెట్టె బయటికి వచ్చిన మాట నిజం. మాస్టారు తల వంచుకునే నడిచాడు.

బాలశౌరిది రెడ్డిగూడెం దగ్గర చిన్న పల్లె. తండ్రి శాంతయ్య చర్చి ఉపదేశిగా ఊళ్ళు తిరిగి పిల్లలకు జపాలు నేర్పేవాడు. ఎక్కే గుమ్మం దిగే గుమ్మం బతుకు కాబట్టి, ఎవరింటికి వెళ్ళినా ఎక్కడిదాకా వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో కొడుక్కి జపాలకంటే ముందే నేర్పాడు. ఆ ఆగడం బాలశౌరి ఒంట్లో ఇంకిపోయింది. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు కూడా ప్రొఫెసరు గది తలుపు తీసే ఉన్నా బయటే నిలబడి, ఎవరైనా చూసి పిలిస్తేనే లోపలికి వెళ్ళేవాడు.

తిరువూరు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం వచ్చాక గది కోసం చాలా వీధులు తిరిగాడు. పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న గదులు పేరు చెప్పగానే నిండిపోయేవి. చివరికి దశరథరామయ్య భార్య సుబ్బాయమ్మ, అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతూ, పేరు విని, చేట ఆపి, కాస్సేపు ఆలోచించింది.

"వీధివైపు గదికి తలుపు వేరే ఉంది. నీసు వండకుండా ఉంటే చాలు బాబూ."

"నాకు వంటే రాదండి."

"అయితే మరీ మంచిది," అంది ఆవిడ, మళ్ళీ చెరగడం మొదలుపెట్టి.

అలా చేరాడు. హోటల్లో తినేవాడు. వీధి గదిలోంచి నట్టింట్లోకి ఒక తలుపు ఉండేది, దానికి ఎత్తైన గడప. ఆ గడప దాటకూడదని ఎవరూ అనలేదు. అతనూ దాటలేదు. సుబ్బాయమ్మ మజ్జిగ ఇస్తే గడప అవతల నుంచి ఇచ్చేది, అతను ఇవతల నుంచి అందుకునేవాడు. అలవాటైపోయి ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించేది కాదు.

కాలేజీ నుంచి వచ్చాక అతను కాగితాలు ముందేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక అడిగింది.

"రోజూ అవేం లెక్కలు బాబూ? పిల్లల మార్కులా?"

"కాదండి. మీ చేతి మీద రంగు గురించి."

ఆవిడ చేతులు చూసుకుంది. పసుపు కొమ్ములు దంచుతూ మధ్యలో లేచి వచ్చింది, మణికట్ల దాకా పసుపే.

బాలశౌరికి క్లాసులో తప్ప మాట్లాడ్డం చేతకాదు. అయినా ఆ రోజు చెప్పాడు. పసుపులో రంగునిచ్చేది ఒక అణువు అనీ, అది రెండు చివర్లా రెండు బిళ్ళలు కట్టిన గొలుసులా ఉంటుందనీ, ఆ గొలుసు పొడుగునా ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయనీ చెప్పాడు. వెలుతురు పడితే ఒక ఎలక్ట్రాను అందులో నీలం భాగాన్ని మింగి పై మెట్టుకు ఎగురుతుంది. మింగగా మిగిలిందే మన కంటికి పసుపు. సున్నం కలిపితే ఆ అణువు నుంచి హైడ్రోజన్లు ఊడిపోతాయి, మెట్టు ఎత్తు తగ్గుతుంది, మింగే వెలుతురు మారుతుంది, పసుపు పారాణి అవుతుంది.

"ఆ మెట్టు ఎంత ఎత్తో లెక్క కట్టాలండి. పసుపుకి ఒకటి, పారాణికి ఒకటి. చేత్తో అయ్యేది కాదు, కంప్యూటరు కావాలి."

"పారాణి ఎర్రగా ఉంటుందని లెక్క కట్టి చూడాలా?"

"ఈ లెక్క సరిపోతే, ఇంకా ఎవరూ తయారుచెయ్యని రంగు కూడా ముందే చెప్పొచ్చండి."

సుబ్బాయమ్మకు ఎంత అర్థమయిందో గాని, సంతోషించింది. "పసుపు మీద చదువా. ఇంకేదో అనుకున్నా. మంచి చదువే బాబూ," అని లోపలికి వెళ్ళింది. అప్పటినుంచి అతని గది ఊడ్చేటప్పుడు మంచం కింది పెట్టెను చేత్తో తుడిచి మరీ జరిపేది.

ఆ పెట్టెలో ఉన్నవి అట్టలు. అరచేతికంటే కాస్త పొడుగు, పోస్టు కార్డంత మందం, ఒంటి నిండా సన్నటి బెజ్జాలు. లెక్క ఎలా చెయ్యాలో చెప్పే ఆజ్ఞలు కొన్ని అట్టల మీద, అణువులో ఏ పరమాణువు ఎక్కడుందో, ఎంత బలంతో లాగుతుందో చెప్పే అంకెలు కొన్నిటి మీద. వేసవి సెలవులన్నీ వాల్తేరులో వరసలో నిలబడి బెజ్జాలు కొట్టించుకున్నవి. కంప్యూటరు వాటిని ఒకదాని తర్వాత ఒకటి మింగి బెజ్జాలను చదువుకుంటుంది. ఆజ్ఞల అట్ట వరస తప్పితే యంత్రం ఆగిపోతుంది, తప్పు తెలుస్తుంది. అంకెల అట్ట వరస తప్పితే ఆగదు. మారు మాట్లాడకుండా తప్పు జవాబు అచ్చు వేసి ఇస్తుంది. బాలశౌరికి నిద్రలో భయం వేసేది ఆ రెండోదానికే.

అందుకే అట్టలన్నీ వరసలో సర్ది, పక్కపక్కన నిలబెట్టి, పై అంచుల మీదుగా ఆ మూల నుంచి ఈ మూలకు ఇంకుతో ఒక ఏటవాలు గీత గీశాడు. ఏ అట్ట చోటు తప్పినా గీత తెగి కనిపిస్తుంది. ఆ పని చేసేవాళ్ళందరూ అలాగే గీస్తారు. ఆపైన కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, పెట్టెలో పెట్టాడు.

అంత పెద్ద లెక్క దగ్గర్లో ఉన్న కంప్యూటర్లలో పట్టదు. వాల్తేరులో అతని చేత పరిశోధన చేయిస్తున్న గురువుగారు మద్రాసులో ఎవరినో అడిగి, ఎవరి చేతో చెప్పించి, పెద్ద కంప్యూటరు మీద ఒక మధ్యాహ్నం ఇప్పించారు. దసరా వెళ్ళిన మర్నాడు. ఆయన ఆ ఏడాది చివర రిటైరవుతారు. "ఈసారి కాకపోతే నేను చేయగలిగింది లేదు బాలశౌరీ," అని ముందే అన్నారు. ఆయన తర్వాత పల్లెటూరి కాలేజీలో పనిచేస్తూ చదువుకునేవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? నాలుగేళ్ళ పని పెట్టెలో మూలపడుతుంది.

పండగ సెలవులకు బాలశౌరి అక్క మేరమ్మ ఇంటికి వెళ్ళి నవమి నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. దశమి పొద్దున బస్సెక్కి బెజవాడ, అక్కడినుంచి రైల్లో మద్రాసు. వారం నుంచి ముసురు వదలడం లేదు. ఎప్పటిలాగే ఊరెళ్తూ గది తాళంచెవి సుబ్బాయమ్మకు ఇచ్చి వెళ్ళాడు. వచ్చేసరికి గది తీసే ఉంది. మంచం మీద పెట్టె. మూత తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. రబ్బరు బ్యాండ్లు మాత్రం బల్ల మీద ఒక పక్కగా, పువ్వులు విడదీసి పెట్టినంత జాగ్రత్తగా పెట్టి ఉన్నాయి.

దొంగలు పడ్డారనుకున్నాడు. అట్టలు ఎవరెత్తుకెళ్తారని ఆ వెంటనే అనిపించింది. అప్పుడు సాంబ్రాణి వాసన వచ్చి, నట్టింటి తలుపులోంచి చూశాడు.

అమ్మవారి పటం ముందు పెద్ద పీట. దాని మీదా చుట్టూ ఆ ఇంటి పనిముట్లు: నాగలి కర్రు, కొడవళ్ళు, పత్తికి మందు కొట్టే పంపు, ఆయిలింజను పానాలు, కత్తిపీట. అన్నిటికీ బొట్లు. వాటి పక్కన అతని అట్టలు. కట్టలు విప్పి, సమానంగా దొంతర్లు పేర్చి, ప్రతి దొంతరకూ గడపకు పెట్టినట్టు తడి పసుపు నిండుగా రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన బంతిపువ్వు ఉంచారు. చిలకరించిన నీళ్ళు దీపం వెలుతురులో మెరుస్తున్నాయి.

సుబ్బాయమ్మ పులిహోర ఆకుతో గడప దగ్గరికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ముఖం నిండా సంబరం.

"వచ్చారా బాబూ. మీ పనిముట్టు కూడా పూజలో పెట్టా. అందరివీ పెట్టి మీదొక్కటీ వదిలేస్తానా. పసుపు చదువు కదాని పసుపు కాస్త ఎక్కువే పెట్టా."

బాలశౌరి ఆకు అందుకున్నాడు.

"ఎప్పుడు... ఎప్పుడు తీస్తారండి?"

"రేపు పూజయ్యాక, ఉద్వాసన చెప్పి. అందాకా దేన్నీ కదపకూడదు. కూర తరగడానికి కత్తిపీట కూడా ముట్టుకోలా ఇవాళ."

రేపు పూజ అయ్యేసరికి బస్సు నూజివీడు దాటుతుంది. అది ఒక్కటే అయితే ఫరవాలేదు. ఆ అట్టలు తడి పీల్చుకుంటున్నాయి. రేపటికి అంచులు ఉబ్బుతాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి, వంకర తిరుగుతాయి. ఉబ్బిన అట్ట యంత్రం నోట్లో ఇరుక్కుని నలిగిపోతుంది. అతను గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుని పులిహోర తిన్నాడు. వదిలేస్తే ఆవిడ బాధపడుతుందని తిన్నాడు. ఉప్పూ పులుపూ ఏదీ తెలియలేదు.

ఏమని అడగాలి? కుంకుమ తియ్యండి అనాలా? ఆ మాట వేరెవరైనా అంటే అట్టల గురించి అన్నట్టు ఉంటుంది. తన నోట్లోంచి వస్తే దేవుడి గురించి అన్నట్టు ఉంటుంది. ఇంటివాళ్ళు ఏమీ అనుకోకపోవచ్చు, రేపు వీధిలో ఎవరో అంటారు, ఆపైన వీళ్ళకు చెవులు మూసుకునే వీలుండదు. గడప దాకా వెళ్ళాడు. లోపల సుబ్బాయమ్మ దీపంలో నూనె పోస్తూ ఏదో పాడుకుంటోంది. వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. దీపం మీదినుంచి కాస్తో కూస్తో వేడి తగిలి ఆరుతాయేమోనని చూశాడు. ఆరడం లేదు. పై అట్ట ఒక మూల లేచి, ఎండుటాకులా ముడుచుకుంటోంది.

పశువుల కొట్టం నుంచి వచ్చిన దశరథరామయ్య అతన్ని చూశాడు. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. పొలంలో ఒక గట్టు మీదినుంచి ఇంకో గట్టుకు మాట్లాడి మాట్లాడి, ఇంట్లో కూడా ఆ గొంతే.

"ఏంటి మాస్టారూ, ముఖం అట్టా ఉంది? జ్వరమా?"

"లేదండి." బాలశౌరి పీటవైపు చూపించాడు. "ఆ అట్టలు... తడవకూడదండి."

"తడిస్తే ఏమవుద్ది?"

"యంత్రం తీసుకోదండి. ఎల్లుండి మద్రాసులో... మళ్ళీ ఇవ్వరండి."

"ఎన్నాళ్ళ పని అది?"

"నాలుగేళ్ళదండి."

దశరథరామయ్య నట్టింట్లోకి చూశాడు, అతని ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత వచ్చిందే వీధంతా విన్న కేక.

"ఏమే, ఆయన అట్టలు ముట్టుకోమని నిన్నెవరు చెప్పారే? నా ఇంజను కూడా విప్పి నీళ్ళు చల్లకపోయావా? నాలుగేళ్ళ కష్టం, నీ పసుపులో ముంచి పెట్టావు కదే!"

"అమ్మగారిని ఏమీ అనకండి. పెట్టెకు తాళం వెయ్యకపోవడం నాదే తప్పండి," అంటున్నాడు బాలశౌరి. ఆ మాట అతని పళ్ళు దాటలేదు. గోడ అవతల ఎవరో స్టూలు జరిపిన చప్పుడైంది.

సుబ్బాయమ్మ దీపం పక్కనుంచి లేచింది. "తడి అంటే చెడుతాయని నాకేం తెలుసు," అంది మెల్లగా. "మంచి జరగాలని పెట్టా."

కేకలు అయిపోయాక దశరథరామయ్య పీట ముందు నిలబడిపోయాడు. చెయ్యి చాపి, మళ్ళీ లాక్కున్నాడు. "ఇప్పుడు తియ్యకూడదు కూడానూ," అన్నాడు, గొంతు తగ్గించి. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో నవమి నాడు పీట మీది వస్తువు కదిలింది లేదు. బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ముందు కదిలింది సుబ్బాయమ్మే. కొంగు నడుముకు దోపుకుని కర్పూరం వెలిగించింది. హారతి ఇచ్చింది. కలశాన్ని రెండు చేతులా పట్టుకుని కాస్తంత జరిపింది.

"తల్లీ, తక్కినవి రేపు. ఇవి పని మీద పోవాలి, పంపిస్తున్నా," అంది. భర్తవైపు తిరగలేదు. "పిల్లాడికి ఒళ్ళు కాలుతుంటే పూజ మధ్యలో లేచిపోమా ఏంటి? ఆ తల్లికి ఆ మాత్రం తెలియదా." ఆ తర్వాత గడపవైపు చూసి, "లోపలికి రండి మాస్టారూ. ఏది ఎటు పట్టుకోవాలో మాకు తెలియదు," అంది.

బాలశౌరి పెరటి దారిన వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చాడు. గడప ముందు అలవాటుగా కాలు ఆగింది. దశరథరామయ్య విసుక్కున్నాడు. "అడుగెయ్యండి. మీరక్కడ నిలబడితే అవి ఇక్కడ నానుతున్నాయి."

దాటాడు.

బొట్లు అతన్ని తుడవనివ్వలేదు సుబ్బాయమ్మ. "మీరు ముట్టుకోకండి. రేపెవరైనా అడిగితే తుడిచింది నేనని చెప్తా," అని పొడి కొంగుతో తనే ఒక్కో అంచూ అద్దింది. అతను అతుక్కున్న అట్టలను గోటితో ఒక్కొక్కటే విడదీశాడు. గట్టిగా లాగితే చిరుగుతుంది, మెల్లగా లాగితే పక్కది వస్తుంది. ఆవిడ బుగ్గన తాంబూలం ఉంది. వేలికి అంటిన సున్నం ఒక అట్ట అంచుకు తగిలింది. తడి పసుపు మరక చూస్తుండగా ఎర్రగా మారింది.

"అయ్యో, రక్తంలా అయిందేంటి," అని చెయ్యి లాక్కుంది ఆవిడ.

"అదేనండి," అన్నాడు బాలశౌరి. అట్టను దీపం దగ్గర పట్టుకుని చూశాడు. మధ్యాహ్నం నుంచి మొదటిసారి ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "నేను లెక్క కట్టాల్సింది అదేనండి." ఆ వెంటనే భయం మళ్ళీ వచ్చి కూర్చుంది.

సుబ్బాయమ్మ బాలింత గదిలో పెట్టినట్టు వీధి గది మూల బొగ్గుల కుంపటి పెట్టింది. నేల మీద పాత పేపర్లు పరిచి అట్టలు ఆరబెట్టారు. ఆరినవాటిని పేపర్ల మధ్య పెట్టి, వంకర పోకుండా దశరథరామయ్య వాటి మీద బియ్యం బస్తా దించాడు. ఒకసారి బస్తా ఒక పక్కకు ఒరిగితే, "ఓరి నీ," అని బస్తాను తిట్టి మాస్టారి ముఖం చూసి ఆపేశాడు.

చీకటి పడేసరికి అట్టలన్నీ ఏటవాలు గీత ప్రకారం నిలబెట్టాడు బాలశౌరి. గీత చాలాదూరం చక్కగా వచ్చింది. ఒకచోట మాత్రం తడికి ఇంకు కరిగి, పసుపు కిందికి పోయి, మాయమైంది. అక్కడ నాలుగైదు అంకెల అట్టలు. ఏది ముందో, ఏది వెనకో బెజ్జాలను వెలుతురుకు పెట్టి చదివాడు. జ్ఞాపకం ఒకలా చెప్పింది. ఆ జ్ఞాపకం మీదే అతనికి నమ్మకం కుదరలేదు. ఇంకోసారి చదివి, అలాగే పెట్టి, బ్యాండ్లు వేశాడు.

పొద్దున పెట్టె ఎత్తబోతే దశరథరామయ్య అడ్డం వచ్చాడు. "మీరుండండి. ఇటివ్వండి." భుజానికెత్తుకుని ముందు నడిచాడు. బస్టాండు దాకా ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. నిన్న తన గొంతు ఎక్కడిదాకా వినిపించిందో ఆయనకు అప్పటికి తెలిసినట్టుంది. బాలశౌరి ఆ నాలుగైదు అట్టల గురించి ఆలోచిస్తూ తల వంచుకుని నడిచాడు. అంకారావు షాపు తలుపులు తీస్తూ చూసింది అదే.

పెట్టె పైన వెయ్యమన్నాడు కండక్టరు.

"పైన తడవదూ?"

"టార్పాలిన్ ఉందిగా రామయ్యగారూ."

"ఉంటే నువ్వు కప్పుకో," అని దశరథరామయ్య పెట్టె ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చున్నాడు. దిగుతాడేమోనని బాలశౌరి చూశాడు. బస్సు కదిలింది. ఆయన దిగలేదు. ఆపాటికి అంకారావు ఎవరి సైకిలుకో గాలి కొడుతున్నాడు. బెజవాడ స్టేషన్లో రైలెక్కించి, పెట్టెను సీటు కింద సర్ది, "మూత తెరవబాకండి. వాన ఎటునుంచి కొడుతుందో," అని చెప్పి ఆయన వెనక్కి తిరిగాడు.

మద్రాసులో కంప్యూటరు గది చలిగా ఉంది. కౌంటరు దగ్గర ఆపరేటరుది నెల్లూరు వైపు మాట. కట్ట అందుకుని, అంచులు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళజోడు పైకి తోశాడు.

"ఏంది సార్ ఇది? పసుపా?"

బాలశౌరి కౌంటరు మీదికి వంగాడు. "ఇంట్లో... ఆయుధ పూజకు పెట్టారండి."

ఇక తిరిగి ఇచ్చేస్తాడనుకున్నాడు. ఆపరేటరు వెనక్కి తిరిగి గాజు తలుపు అవతలికి చూపించాడు. మంచాలంత యంత్రాలు, ఒక్కోదాని మీద చందనం, కుంకుమ, వాడిన పూలదండ.

"మేము కూడా పెట్టినాం సార్ మొన్న. అయితే మూత మీద పెట్టినాం," అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. "సరే, రానీండి. ఇరుక్కుంటే మాత్రం నన్ననొద్దు."

అట్టలు యంత్రం నోట్లోకి టపటపా వెళ్తున్నాయి. బాలశౌరి గాజుకు ముఖం ఆనించి నిలబడ్డాడు. సగం అయ్యాయి. చప్పుడు ఆగిపోయింది. ఆపరేటరు మూత తీసి, మడతలు పడి నలిగిన ఒక అట్టను లాగాడు. అంచున పసుపు, దాని మీద ఎర్ర మరక. సున్నం తగిలినదే. ఆజ్ఞల అట్ట కాబట్టి దాని మీద ఉన్నదేమిటో బాలశౌరికి నోటికి వచ్చు. ఆపరేటరు కొత్త అట్ట మీద కొట్టి ఇచ్చాడు. మళ్ళీ టపటపలు. చివరి అట్ట వెళ్ళిపోయింది.

అయినా అతను కూర్చోలేదు. యంత్రం ఆగకుండా లెక్క చేస్తోందంటే ఆజ్ఞలు సరిగా ఉన్నాయని మాత్రమే. ఆ నాలుగైదు అంకెల అట్టల సంగతి అది చెప్పదు.

మడతలు మడతలుగా అచ్చు కాగితం చేతికి వచ్చింది. అతను రంగు అంకె చూడలేదు. ముందు ఎలక్ట్రాన్లు ఏ పరమాణువు దగ్గర ఎంత ఉన్నాయో చెప్పే వరస తీశాడు. సున్నం కలిపిన పసుపు అణువుకు ఎడమ సగం, కుడి సగం అచ్చంగా ఒకటే. అట్టలు వరసలో వెళ్ళి ఉంటే ఎడమ చివరి అంకె కుడి చివరి అంకెతో సరిపోవాలి, దాని పక్కది దాని పక్కదానితో. వరస తప్పి ఉంటే ఎక్కడో ఒకచోట జత కుదరదు. పెన్సిలుతో ఒక్కో జతా టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. మొదటిది కుదిరింది. రెండోది కుదిరింది. మధ్యకు వచ్చేసరికి పెన్సిలు ముల్లు విరిగింది. మిగతావి గోటితో గీసుకుంటూ చూశాడు. అన్నీ కుదిరాయి.

అప్పుడు చూశాడు రంగు. పసుపుకు వచ్చిన అంకె ప్రయోగశాలలో కొలిచినదానికి దగ్గరగా ఉంది. పారాణి అంకె దానికంటే ఎరుపువైపు జరిగి ఉంది, ఎంత జరగాలో అంత కాకపోయినా. గురువుగారికి చూపించడానికి చాలు. కాగితం మడిచి, ఆపరేటరును నలిగిన అట్ట అడిగి తీసుకుని, స్టేషనుకు నడిచాడు.

తిరువూరులో బస్సు దిగేసరికి కథ అతనికంటే ముందే ఊరంతా తిరిగింది. అతన్ని చూసి హోటల్లో మాటలు ఆగాయి. ఇంటికి వెళ్తే సుబ్బాయమ్మ అరుగు మీదే ఎదురైంది.

"ఎన్ని చెడ్డాయి బాబూ?" మొదటి మాట అదే. నాలుగు రోజులుగా సరిగా తిన్నట్టు లేదు.

"ఒక్కటేనండి. వేరేది కొట్టించారు. లెక్క వచ్చింది."

నలిగిన అట్ట చూపించాడు. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, మరకను బొటనవేలితో తడిమి, తిరిగి ఇచ్చేసింది. లోపలినుంచి దశరథరామయ్య గొంతు వినిపించింది. "వచ్చాడా? మజ్జిగ ఇవ్వవే ముందు. గడప దగ్గర కాదు, లోపలికి రమ్మను."

వీధిలో అంటున్న మాటలు ఆవిడ చెవినా పడ్డాయి. అంకారావు షాపుకు వెళ్ళి నాలుగు దులుపుతానంది. బాలశౌరే వద్దన్నాడు. అంత మాట్లాడితే ఇంకా పెరుగుతుందని అతని భయం. ఏళ్ళ తరబడి బస్టాండు మీదుగా వెళ్ళినప్పుడల్లా ఆ షాపు వచ్చేసరికి అతని నడక జోరందుకునేది.

మరుసటి ఏడు దసరాకు బాలశౌరి ఊరికి వెళ్ళలేదు. నవమి పొద్దున అట్టల పెట్టెకు తనే తాళం వేసి, రెండు చేతులా ఎత్తుకుని గడప దాటి, నాగలి కర్రు పక్కన పీట మీద పెట్టాడు. సుబ్బాయమ్మ మూత మీద బొట్టు పెట్టింది.